ఇంజన్ మిస్‌ఫైర్ పేటెంట్ దరఖాస్తును పరిశీలించడం ఎలా

ఇంజన్‌లో ఏదో ఒక సిలిండర్ సరిగా మండకపోతే, అంటే మిస్‌ఫైర్ అయితే, ఆ సంగతి కనిపెట్టే పద్ధతుల మీద పేటెంట్ దరఖాస్తులు చాలా వస్తాయి. అవి చదివి, పాత పత్రాలతో పోల్చి, ఏది కొత్తదో ఏది కాదో తేల్చడం నా పని. అంతకుముందు ఇంజన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను కాబట్టి ఈ దరఖాస్తులంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "మేడమ్, ఏది చూసినా అదే క్రాంక్‌షాఫ్ట్, అదే సెన్సార్, అదే పరిమితి. ఇందులో కొత్తది ఎక్కడుందో ఎలా కనిపెట్టాలి?"

నా జవాబు ఎప్పుడూ ఒకటే. మిస్‌ఫైర్‌ను పట్టుకోవడం పాత సంగతి. మిస్‌ఫైర్ కానిదాన్ని మిస్‌ఫైర్ అనుకుని పొరపడకుండా ఉండటం దగ్గరే ఈ రంగంలో ఎక్కువ ఆవిష్కరణలు ఉంటాయి. దరఖాస్తులో ఆ చోటు ఎక్కడుందో ముందు వెతకండి. దొరికితే సగం పని అయినట్టే. దొరక్కపోతే, అది లేదని నమ్మకంగా చెప్పగలిగేదాకా చదవండి. ఎగ్జామినర్‌గా ఉన్నా, సెర్చ్ రిపోర్ట్ తయారుచేస్తున్నా, ఎగ్జామినేషన్ రిపోర్టుకి జవాబు రాస్తున్న ఇంజనీర్ అయినా ఈ పద్ధతి పనికొస్తుంది.

ముందు ఇంజన్, తర్వాతే చట్టం

క్లెయిమ్ (దరఖాస్తుదారు తన హక్కుగా కోరేదాన్ని చెప్పే వాక్యం) తెరవకముందే సిగ్నల్ ఎలా పుడుతుందో మనసులో స్పష్టంగా ఉండాలి. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఒక చక్రం (సైకిల్) పూర్తి కావడానికి క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండుసార్లు, అంటే 720 డిగ్రీలు తిరుగుతుంది. నాలుగు సిలిండర్లుంటే ప్రతి 180 డిగ్రీలకూ ఒకటి మండుతుంది. ఆరుంటే 120, ఎనిమిదుంటే 90. మండిన ప్రతిసారీ క్రాంక్‌షాఫ్ట్‌కి ఒక తోపు తగులుతుంది. ఒక సిలిండర్ మండకపోతే ఆ తోపు రాదు, షాఫ్ట్ కొద్దిగా నెమ్మదిస్తుంది. ఆ కొద్దిపాటి నెమ్మదినే చాలా పద్ధతులు కొలుస్తాయి.

కొలిచేది ఇలా. క్రాంక్‌షాఫ్ట్‌కి ఒక పళ్ల చక్రం ఉంటుంది. ఎక్కువగా కనిపించే రకంలో 60 పళ్లకు చోటుండి, రెండు పళ్లు కావాలని వదిలేసి ఉంటారు. ఆ ఖాళీని బట్టి షాఫ్ట్ ఏ స్థానంలో ఉందో తెలుస్తుంది. ఒక్కో పంటికి 6 డిగ్రీలు. 180 డిగ్రీలు, అంటే 30 పళ్ల దూరం తిరగడానికి పట్టే సమయాన్ని సెగ్మెంట్ కాలం అంటారు. నిమిషానికి 600 చుట్లు తిరిగే ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజన్ నడుస్తున్నప్పుడు) ఈ సెగ్మెంట్‌కి 50 మిల్లీసెకన్లు పడుతుంది. 6000 చుట్ల దగ్గర 5 మిల్లీసెకన్లే.

ఇక్కడ ఒక లెక్క వేసుకోండి, తర్వాత చాలాసార్లు పనికొస్తుంది. ఒక తోపు రాకపోతే షాఫ్ట్ కోల్పోయే శక్తి ఎంతో అనుకుందాం. అదే శక్తికి వేగంలో వచ్చే మార్పు, వేగం పెరిగేకొద్దీ దానికి విలోమంగా తగ్గుతుంది. వేగంలోని ఆ మార్పు సమయంలో కనిపించేటప్పుడు మళ్లీ వేగపు వర్గంతో భాగించబడుతుంది. రెండూ కలిపితే సెగ్మెంట్ కాలంలో కనిపించే తేడా వేగపు ఘనానికి విలోమం. వేగం రెట్టింపైతే తేడా ఎనిమిదో వంతు అవుతుంది. 1500 చుట్ల దగ్గర మిస్‌ఫైర్ వల్ల 400 మైక్రోసెకన్ల తేడా కనిపించిందనుకోండి. అదే శక్తి నష్టానికి 3000 దగ్గర 50, 6000 దగ్గర సుమారు 6 మైక్రోసెకన్లు మిగులుతాయి. ఇప్పుడు పళ్ల చక్రం తయారీలో ఒక పన్ను ఉండాల్సిన చోటు నుంచి 0.1 డిగ్రీ జరిగిందనుకోండి. 6000 చుట్ల దగ్గర దానివల్లే దాదాపు 3 మైక్రోసెకన్ల తప్పు వస్తుంది. మనం వెతుకుతున్న సిగ్నల్‌లో సగం! అందుకే ఈ రంగంలో పత్రాలన్నీ పొరపాటు గుర్తింపు చుట్టూ తిరుగుతాయి.

పళ్ల తప్పు ఒక్కటే కాదు. గతుకుల రోడ్డు మీద చక్రాల నుంచి వచ్చే కుదుపు డ్రైవ్‌లైన్ గుండా వెనక్కి క్రాంక్‌షాఫ్ట్ దాకా వస్తుంది. గేరు మార్చినప్పుడు, యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలినప్పుడు, డీసెలరేషన్‌లో ఇంధనం ఆపినప్పుడు వేగం మారుతుంది. ఏసీ కంప్రెసర్ ఆన్ అయినా ఐడిల్‌లో చిన్న తగ్గుదల కనిపిస్తుంది. ఇవేవీ మిస్‌ఫైర్ కావు, కానీ సిగ్నల్‌లో అలాగే కనిపించగలవు.

క్రాంక్ వేగం కాకుండా వేరే దారులూ ఉన్నాయి. స్పార్క్ ప్లగ్‌నే సెన్సార్‌గా వాడి, స్పార్క్ అయిపోయాక దాని కొనల మధ్య వోల్టేజ్ పెట్టి, మంటలోని అయాన్ల వల్ల ప్రవహించే కరెంటును చూడటం ఒకటి. సాబ్ కంపెనీ 1990ల్లోనే తన కార్లలో అయాన్ కరెంట్‌ని వాడింది. సిలిండర్‌లో ప్రెషర్ సెన్సార్ పెట్టడం, ఎగ్జాస్ట్ ప్రెషర్ లేదా ఉష్ణోగ్రత చూడటం, ఇంజన్ బ్లాక్ మీది నాక్ సెన్సార్ నుంచి కంపనం తీసుకోవడం మిగతా దారులు. చేతికొచ్చిన దరఖాస్తు వీటిలో ఏ దారిలో ఉందో మొదటి పేజీలోనే రాసిపెట్టుకోండి.

1990ల గోడ

సెర్చ్ మొదలుపెట్టేముందు ఒక చరిత్ర తెలిసి ఉండాలి. కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు తెచ్చిన ఓబీడీ-2 (బండి తన లోపాలను తానే కనిపెట్టే వ్యవస్థ) నియమాలు 1994 మోడల్ కార్ల నుంచి దశలవారీగా మొదలై, 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ తప్పనిసరి అయ్యాయి. మిస్‌ఫైర్‌ను బండి తనంతట తాను కనిపెట్టాలన్నది అందులో ఒక ముఖ్యమైన షరతు. మండని ఇంధనం ఎగ్జాస్ట్‌లోకి వెళ్లి కేటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది, కన్వర్టర్ మితిమీరి వేడెక్కి పాడవుతుంది. అందుకే కన్వర్టర్‌ని పాడుచేసే స్థాయి మిస్‌ఫైర్‌ను 200 క్రాంక్ చుట్ల గుంపుల్లోనూ, ఉద్గారాల హద్దు దాటించే స్థాయిని 1000 చుట్ల గుంపుల్లోనూ లెక్కించమన్నారు. మొదటి రకం జరుగుతుంటే డాష్‌బోర్డు మీద చెక్ ఇంజన్ లైటు మిణుకుమిణుకుమంటుంది. మెకానిక్‌లకు బాగా తెలిసిన పీ0300 కోడ్, సిలిండర్ల వారీగా పీ0301, పీ0302 కోడ్‌లు ఈ వ్యవస్థలోవే. ఐరోపాలో కొత్త పెట్రోల్ కారు మోడళ్లకు 2000లో ఇలాంటి నియమం వచ్చింది.

దీని అర్థం ఏమిటంటే, 1990ల మొదట్లో జపాన్, జర్మనీ, అమెరికా కంపెనీలన్నీ ఒకే సమస్య మీద ఒకేసారి కూర్చున్నాయి. సెగ్మెంట్ కాలాల తేడా, పళ్ల తప్పును ఇంధనం ఆపినప్పుడు నేర్చుకుని సరిచేయడం, గతుకుల రోడ్డు మీద గుర్తింపును ఆపేయడం, వేగాన్ని, లోడ్‌ను బట్టి పరిమితి మార్చే మ్యాప్ (పట్టిక): ఇవన్నీ అప్పుడే పత్రాల్లోకి వచ్చేశాయి. ఇప్పుడు వచ్చే దరఖాస్తు "ఇంతవరకూ ఎవరూ గతుకుల రోడ్డును పట్టించుకోలేదు" అని మొదలైతే ఆ ఒక్క వాక్యం మీదే సెర్చ్ మొదలుపెట్టవచ్చు. సెర్చ్‌ని గత పదేళ్లకు పరిమితం చేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఈ విషయంలో మంచి పత్రం పాతికేళ్ల వెనకే ఉండే అవకాశం ఎక్కువ.

క్లెయిమ్‌ని ఐదు ప్రశ్నలుగా విడగొట్టండి

ఉదాహరణగా నేను తయారుచేసిన ఒక క్లెయిమ్ ఇది. నిజమైన దరఖాస్తుల్లో కనిపించే రూపమే ఇచ్చాను.

"అంతర్దహన ఇంజన్‌లో మిస్‌ఫైర్‌ను గుర్తించే పరికరం. అందులో క్రాంక్ కోణం సెన్సార్. ఒక్కో సిలిండర్ పవర్ స్ట్రోక్‌కు చెందిన సెగ్మెంట్ కాలాన్ని కొలిచే విభాగం. ప్రస్తుత సెగ్మెంట్ కాలానికీ 360 డిగ్రీల ముందు కొలిచిన సెగ్మెంట్ కాలానికీ మధ్య తేడాను లెక్కించే విభాగం. ఆ తేడా ముందుగా నిర్ణయించిన పరిమితిని దాటితే మిస్‌ఫైర్ అని నిర్ణయించే విభాగం. చక్రాల వేగంలో హెచ్చుతగ్గులు ఒక స్థాయిని మించినప్పుడు ఆ పరిమితిని పెంచే విభాగం ఉంటాయి."

దీన్ని ఐదు ప్రశ్నలతో విడగొట్టాలి. సిగ్నల్ ఏది? దాని నుంచి ఏ లెక్క తీశారు? ఆ లెక్కను దేంతో పోల్చారు? ఏ పరిస్థితిలో ఆ పోలికను నమ్మకూడదన్నారు? తేలాక ఏం చేస్తారు? పై క్లెయిమ్‌లో సిగ్నల్ క్రాంక్ కోణం, లెక్క 360 డిగ్రీల తేడా, పోలిక ముందుగా నిర్ణయించిన పరిమితి. నమ్మకూడని పరిస్థితి చక్రాల వేగంలో హెచ్చుతగ్గులు. ఐదో ప్రశ్నకు జవాబు లేదు, నిర్ణయించి ఊరుకుంది.

నాలుగో ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగండి. చాలా క్లెయిముల్లో దానికి జవాబే ఉండదు. అలాంటి క్లెయిమ్ చాలా విశాలమైనది, 1990ల పత్రం ఏదో ఒకటి దాన్ని కొట్టేస్తుందన్న అంచనాతో ముందుకెళ్లవచ్చు. జవాబు ఉంటే సెర్చ్ శక్తి అంతా అక్కడే పెట్టాలి.

ఈ దశలోనే క్లెయిమ్‌లోని మాటల వెడల్పు కొలవాలి. "దహన స్థితికి సంబంధించిన పరామితి" అని రాస్తే సెగ్మెంట్ కాలం, అయాన్ కరెంట్, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత అన్నీ అందులోకి వస్తాయి. స్పెసిఫికేషన్‌లో (దరఖాస్తులోని వివరణ భాగంలో) సెగ్మెంట్ కాలం ఒక్కటే వివరించినా సరే, క్లెయిమ్‌ని స్పెసిఫికేషన్ అంత ఇరుకుగా చదవకూడదు. అలాగని స్పెసిఫికేషన్ ఒక మాటకు స్పష్టమైన నిర్వచనం ఇచ్చి ఉంటే దాన్ని పక్కన పడేయకూడదు. "అసాధారణ దహనం" అన్న మాట వస్తే మరింత జాగ్రత్త అవసరం. అది మిస్‌ఫైరా, నాకింగా, ప్రీ-ఇగ్నిషనా (స్పార్క్‌కి ముందే మండటం), సగం మాత్రమే మండటమా? మిస్‌ఫైర్‌లో తోపు రాదు. నాకింగ్‌లో తోపు ఉంటుంది, దానితోపాటు ఎక్కువ ఫ్రీక్వెన్సీ కంపనం ఉంటుంది. రెండిటినీ ఒకే గాటన కట్టిన క్లెయిమ్‌కి రెండు వైపులా పాత పత్రాలు వెతకాలి.

సెర్చ్

పదాలతో మాత్రమే వెతకడం గుడ్డెద్దు చేలో పడినట్టే. క్లాసిఫికేషన్‌తో (పేటెంట్లను విషయం వారీగా విడదీసే కోడ్‌లతో) మొదలుపెట్టండి. మిస్‌ఫైర్ గుర్తింపుతో ఇంజన్‌ని పరీక్షించడానికి నేరుగా ఉన్న చోటు జీ01ఎం 15/11. ఇంజన్ కంట్రోల్‌లో అసాధారణ పరిస్థితులకు ఎఫ్02డీ 41/22. ఇంజన్ రఫ్‌నెస్ కొలిచే పద్ధతులకు సీపీసీ అన్న వర్గీకరణలో ఎఫ్02డీ 41/1498 ఉంది. ఎఫ్02డీ 2200/1015 అన్న ఇండెక్సింగ్ కోడ్ మిస్‌ఫైర్‌కే కేటాయించారు, దాన్ని మిగతావాటితో కలిపితే ఫలితాలు బాగా చిక్కబడతాయి. అయాన్ కరెంట్ అయితే ఎఫ్02డీ 35/021, ఎఫ్02పీ 17/12 చూడాలి. సిలిండర్ ప్రెషర్ అయితే ఎఫ్02డీ 35/023, జీ01ఎం 15/08. హైబ్రిడ్ బండి అయితే బీ60డబ్ల్యూ 20/50 వదలకూడదు.

పదాలు ఆ తర్వాత. ఇంగ్లిష్‌లో మిస్‌ఫైర్ అని వెతికితే సరిపోదు. కంబషన్ ఫెయిల్యూర్, రఫ్‌నెస్, రొటేషనల్ ఫ్లక్చుయేషన్, యాంగ్యులర్ వెలాసిటీ అన్నవీ కలపాలి. జర్మన్ పత్రాల్లో ఔస్‌జెట్సర్, లౌఫ్‌ఉన్‌రూహే అన్న మాటలు, జపాన్ పత్రాల్లో షిక్కా అన్న మాట వస్తాయి. జపాన్ పత్రాలు ఈ విషయంలో చాలా ఎక్కువ కాబట్టి జె-ప్లాట్‌పాట్ అనే జపాన్ పేటెంట్ల సైట్‌లో మెషిన్ అనువాదంతో చూడటం అలవాటు చేసుకోవాలి. అనువాదం గజిబిజిగా ఉంటే బొమ్మలు చూడండి. ఫ్లోచార్టు, టైమింగ్ చార్టు దేశానికో రకంగా ఉండవు. సెగ్మెంట్ కాలాల మెట్లు, వాటి కింద పరిమితి గీత కనిపిస్తే ఏం చేస్తున్నారో అర్థమైపోతుంది.

పేటెంట్లు కాని పత్రాలనూ వదలొద్దు. ఎస్ఏఈ (వాహన ఇంజనీర్ల సంఘం) టెక్నికల్ పేపర్లలో 1990ల నుంచి మిస్‌ఫైర్ మీద లోతైన పని ఉంది. ఒక పద్ధతిని ఒక కంపెనీ పేటెంట్‌లో పొడిపొడిగా చెప్పి, పేపర్‌లో గ్రాఫులతో సహా వివరించిన సందర్భాలు ఉంటాయి. ఐరోపా పేటెంట్ ఆఫీసు సెర్చ్ సైట్ ఎస్పాస్‌నెట్‌లో మంచి పత్రం ఒకటి దొరకగానే, అది ఉదహరించినవి, దాన్ని ఉదహరించినవి రెండు వైపులా నడవండి. నాకు పనికొచ్చే పత్రాల్లో చాలా భాగం ఆ నడకలోనే దొరుకుతాయి.

కొత్తదనం

కొత్తదనం లేదని చెప్పాలంటే క్లెయిమ్‌లోని ప్రతి అంశమూ ఒకే పత్రంలో, అదే అమరికలో ఉండాలి. మన ఉదాహరణలో 360 డిగ్రీల తేడా ఉన్న పత్రం ఒకటి, గతుకుల రోడ్డు మీద పరిమితి పెంచే పత్రం ఇంకొకటి దొరికితే అది కొత్తదనం అభ్యంతరం కాదు. రెండు పత్రాలను కలిపి కొత్తదనం లేదనడం కొత్తవాళ్ల రిపోర్టుల్లో తరచూ కనిపించే పొరపాటు. దరఖాస్తుదారు తరఫు ఏజెంటు ఒక్క పేరాలో దాన్ని తోసేస్తారు.

ఇంకో చిన్న విషయం. పాత పత్రం "రోడ్డు గతుకులుగా ఉంటే గుర్తింపు ఆపు" అంటే, అది "పరిమితి పెంచు" అన్నదానికి సమానమా? పరిమితిని ఎప్పటికీ దాటలేనంత పెంచడం ఆపేయడంతో సమానమే అన్న వాదన వినడానికి బాగుంటుంది. కానీ క్లెయిమ్ ప్రకారం పరిమితి పెరిగాక కూడా పోలిక జరుగుతూనే ఉంటుంది, పెద్ద మిస్‌ఫైర్ పట్టుబడుతూనే ఉంటుంది. ఆపేస్తే ఏదీ పట్టుబడదు. కాబట్టి కొత్తదనం విషయంలో ఆ పత్రం సరిపోదు. దాన్ని ఇన్వెంటివ్ స్టెప్ (ఈ రంగంలోని సాధారణ ఇంజనీర్‌కి సులువుగా తట్టనిదా అన్న పరీక్ష) కోసం దాచుకోండి.

ఇన్వెంటివ్ స్టెప్: 360 డిగ్రీల కథ

అసలు పని ఇక్కడే. తేడా ఎందుకు 360 డిగ్రీల ముందు నుంచి తీశారో ఒక్కసారి ఆలోచించండి. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో 360 డిగ్రీల ముందు సెన్సార్ ఎదుట వెళ్లిన పళ్లే ఇప్పుడూ వెళ్తున్నాయి. ఒకే పళ్ల మీద కొలిచిన రెండు కాలాల తేడా తీస్తే ఆ పళ్ల తయారీ తప్పు రెండిట్లోనూ ఒకే లెక్కన ఉండి దాదాపు పోతుంది. చాలా అందమైన ఉపాయం. కానీ దీనికో లోపం ఉంది. 360 డిగ్రీల దూరంలో మండేవి జంట సిలిండర్లు, ఉదాహరణకి 1-3-4-2 వరసలో 1, 4. ఆ రెండూ వరసగా మిస్‌ఫైర్ అవుతుంటే రెండు కాలాలూ ఒకేలా పెరుగుతాయి, తేడా సున్నా అవుతుంది. పరికరానికి ఇంజన్ బాగున్నట్టే కనిపిస్తుంది. తేడాను 720 డిగ్రీల నుంచి తీస్తే ఇంకా ఇబ్బంది. అప్పుడు అదే సిలిండర్‌ని దానితోనే పోలుస్తున్నాం. అది ప్రతి చక్రంలోనూ మిస్‌ఫైర్ అవుతుంటే తేడా కనిపించదు. 180 డిగ్రీల తేడా తీస్తే ఈ రెండు ఇబ్బందులూ తీరతాయి గానీ, వేరే పళ్ల మీద కొలుస్తాం కాబట్టి పళ్ల తప్పు మళ్లీ వచ్చి కూర్చుంటుంది. దాన్ని పోగొట్టాలంటే ఇంధనం ఆపినప్పుడు, మంట ఏదీ లేనప్పుడు, పళ్ల తప్పును నేర్చుకుని పెట్టుకోవాలి.

ఈ ముడి అర్థమైతే ఇన్వెంటివ్ స్టెప్ వాదన దానంతటదే బయటికొస్తుంది. దగ్గరి పత్రం 360 డిగ్రీల తేడాను చెబుతోంది. క్లెయిమ్ అదనంగా ఇచ్చేది చక్రాల వేగాన్ని బట్టి పరిమితి పెంచడం. దాని ఫలితం గతుకుల రోడ్డు మీద పొరపాటు తగ్గడం. కాబట్టి సాంకేతిక సమస్య "గతుకుల రోడ్డు మీద పొరపాటు గుర్తింపును తగ్గించడం ఎలా" అన్నది. రెండో పత్రం అదే సమస్యకు అదే సమాచారంతో గుర్తింపు ఆపమంటోంది. పూర్తిగా ఆపకుండా పరిమితి పెంచితే చాలని ఈ రంగంలో పనిచేసే సాధారణ ఇంజనీర్‌కి తట్టేదేనా? వేగం, లోడ్‌ని బట్టి పరిమితి మార్చడం అప్పటికే మామూలు కాబట్టి తట్టేదే అని నా అభిప్రాయం. ఆ అభిప్రాయానికి మూడో పత్రం ఆధారంగా ఉంటే ఇంకా గట్టిగా నిలబడుతుంది.

జాగ్రత్త పడాల్సింది ఎక్కడంటే, సమస్యను రాసేటప్పుడు పరిష్కారాన్ని అందులో దూర్చకూడదు. "చక్రాల వేగంతో పరిమితిని మార్చడం ఎలా" అని సమస్య రాస్తే జవాబు అందులోనే ఉంది. దరఖాస్తు చదివేశాక ప్రతిదీ తేలికగానే కనిపిస్తుంది. అందుకే పాత పత్రంలో ఆ దారి వైపు వెళ్లమని చెప్పే పేరా నంబరు చూపించగలరా అని మిమ్మల్ని మీరు అడగండి.

ఇప్పుడు అదే దరఖాస్తులో ఏడోది ఒక డిపెండెంట్ క్లెయిమ్ (మొదటి క్లెయిమ్‌కి అదనపు షరతు చేర్చేది), ఇలా ఉందనుకుందాం: పరిమితిని పెంచడంతోపాటు, క్రాంక్‌షాఫ్ట్ వేగంలోని హెచ్చుతగ్గులు 720 డిగ్రీలకు ఒకసారి చొప్పున ఒకే సిలిండర్ దగ్గర పునరావృతం అవుతున్నాయో లేదో చూసి, అవుతుంటే గతుకుల రోడ్డు మీద కూడా మిస్‌ఫైర్ అనే నిర్ణయిస్తారు. ఒక సిలిండర్ ప్రతి చక్రంలో మిస్‌ఫైర్ అయితే అది రెండు చుట్లకు ఒకసారి వస్తుంది. 3000 చుట్ల దగ్గర అది సెకనుకు 25 సార్లు. రోడ్డు గతుకులకు క్రాంక్ కోణంతో అలాంటి కచ్చితమైన బంధం ఉండదు. రోడ్డు ఎలా ఉన్నా గుర్తింపు ఆగకుండా కొనసాగుతుంది. ఇది మొదటి క్లెయిమ్ కంటే వేరే స్థాయి ఆలోచన. దీనికి విడిగా సెర్చ్ చేయాలి. "డిపెండెంట్ క్లెయిములన్నీ సాధారణ మార్పులు" అని ఒక్క వాక్యంలో కొట్టేసే రిపోర్టు దరఖాస్తుదారుకి అన్యాయం చేస్తుంది. దొరక్కపోతే ఆ క్లెయిమ్ ఇవ్వదగినదే అని రిపోర్టులో రాయండి. అవతలివాళ్లకు దారి చూపించడం కూడా పరీక్షలో భాగమే.

హైబ్రిడ్ బండ్ల దరఖాస్తుల్లో పాత పరిష్కారాలు పనిచేయని పరిస్థితులు నిజంగానే ఉంటాయి. అక్కడ ఎలక్ట్రిక్ మోటారు క్రాంక్‌షాఫ్ట్ కుదుపును తగ్గించడానికి ఎదురు టార్క్ ఇస్తుంటుంది, అంటే మనం వెతికే సిగ్నల్‌నే చెరిపేస్తుంటుంది. ఇంజన్‌కీ జనరేటర్‌కీ మధ్య ఉండే డాంపర్ స్ప్రింగ్ కొన్ని వేగాల దగ్గర అనునాదంలోకి వెళ్లి లేని మిస్‌ఫైర్‌ని చూపిస్తుంది. మామూలు ఇంజన్ పత్రాన్ని తెచ్చి "హైబ్రిడ్‌కి వాడటం సహజమే" అనేముందు, ఆ పత్రం పద్ధతి అక్కడ పనిచేస్తుందా అని ఆలోచించాలి. పనిచేయకపోతే ఆ ఇంజనీర్ దాన్ని ఎందుకు తీసుకుంటాడు?

గణితమా, సాంకేతికమా

ఈమధ్య సెగ్మెంట్ కాలాలను న్యూరల్ నెట్‌వర్క్‌కి ఇచ్చి మిస్‌ఫైర్ అవునో కాదో చెప్పించే దరఖాస్తులు ఎక్కువయ్యాయి. గణిత పద్ధతి, కంప్యూటర్ ప్రోగ్రామ్ అన్న కారణంతో వీటిని గుమ్మంలోనే ఆపేయాలన్న తొందర కనిపిస్తుంటుంది. ఆ తొందర సరికాదు. ఐరోపా పేటెంట్ ఆఫీసు మార్గదర్శకాల్లోనే, గుండె కొట్టుకోవడంలో అపసవ్యతను గుర్తించే పరికరంలో న్యూరల్ నెట్‌వర్క్ వాడటం సాంకేతిక తోడ్పాటు అని ఉదాహరణ ఉంది. ఇంజన్ విషయంలో తర్కం అదే: లోపలికి వచ్చేది నిజమైన సెన్సార్ కొలత, బయటికి వచ్చేది నిజమైన యంత్రం స్థితి. భారత చట్టంలో సెక్షన్ 3(కె) గణిత పద్ధతులను, అల్గారిథమ్‌లను, కంప్యూటర్ ప్రోగ్రామ్ పర్ సే (ఒట్టి ప్రోగ్రామ్) అన్నదాన్ని మినహాయిస్తుంది. అమెరికాలో 2014 నాటి సుప్రీంకోర్టు ఆలిస్ తీర్పు తర్వాత అమూర్త ఆలోచన అన్న అభ్యంతరం వస్తుంది. రెండు చోట్లా ఐదో ప్రశ్న బలం ఇస్తుంది: తేలాక ఏం చేస్తారు? ఆ సిలిండర్‌కి ఇంధనం ఆపి కన్వర్టర్‌ని కాపాడతామని క్లెయిమ్‌లో ఉంటే అది యంత్రం మీద జరిగే పని. ఒక సంఖ్యను లెక్కించి ఊరుకునే క్లెయిమ్‌కి ఆ బలం లేదు.

అయితే న్యూరల్ నెట్‌వర్క్ అన్నంత మాత్రాన ఇన్వెంటివ్ స్టెప్ వచ్చేయదు. పరిమితి మ్యాప్ స్థానంలో నెట్‌వర్క్ పెట్టారు, మిగతాదంతా పాతదే అయితే, దానివల్ల ఏ పొరపాటు తగ్గిందో దరఖాస్తు చూపించాలి.

సరిపడా వివరణ ఉందా

దరఖాస్తు చదివి ఇంకో ఇంజనీర్ ఆ పరికరాన్ని తయారుచేయగలగాలి. "ముందుగా నిర్ణయించిన పరిమితి" అని అన్ని చోట్లా రాసి, దాన్ని ఎలా నిర్ణయించాలో ఎక్కడా చెప్పకపోతే అనుమానించండి. మామూలు క్రాంక్ వేగం పద్ధతిలో పరిమితిని బెంచ్ మీద కావాలని మిస్‌ఫైర్లు చేయించి పెట్టుకోవడం అందరికీ తెలిసిందే, కాబట్టి అక్కడ పెద్దగా పట్టుబట్టక్కర్లేదు. కానీ "అన్ని వేగాల్లోనూ ఒకే పరిమితితో" అని క్లెయిమ్ చేస్తే మొదట్లో వేసుకున్న ఘనపు లెక్క తీయండి. 1500 దగ్గర 400, 6000 దగ్గర 6. ఒకే పరిమితి ఈ రెండిటికీ ఎలా సరిపోతుంది? లెక్కను వేగంతో సరిచేసి ఉంటే ఆ సూత్రం స్పెసిఫికేషన్‌లో కనిపించాలి. కనిపించకపోతే అభ్యంతరం రాయండి, ఈ లెక్కను రిపోర్టులో చూపించండి. ఊరికే "వివరణ చాలదు" అంటే ఎవరికీ ఉపయోగం లేదు.

న్యూరల్ నెట్‌వర్క్ దరఖాస్తుల్లో ఇది ఇంకా ముఖ్యం. ఐరోపా అప్పీల్ బోర్డు టీ 161/18 తీర్పులో, శిక్షణకు ఎలాంటి డేటా వాడాలో చెప్పని దరఖాస్తు వివరణ విషయంలో నిలబడలేదు. అక్కడ విషయం గుండె రక్తప్రసరణ కొలత. మిస్‌ఫైర్‌కి అన్వయిస్తే నేను అడిగేవి ఇవి: శిక్షణ డేటాలో ఏ వేగాలు, ఏ లోడ్‌లు ఉన్నాయి? గతుకుల రోడ్డు డేటా ఉందా? మిస్‌ఫైర్ అని ముద్ర వేసింది ఎవరు, స్పార్క్ ఆపి చేసినవా, ఇంజెక్టర్ ఆపి చేసినవా? ఇన్‌పుట్‌కి ఎన్ని సెగ్మెంట్లు ఇచ్చారు? వీటికి జవాబు స్పెసిఫికేషన్‌లో లేకపోతే తర్వాత చేర్చడానికి వీలుండదు. కాబట్టి దరఖాస్తు రాసే ఇంజనీర్లు ఫైల్ చేసే రోజుకే ఇవి పత్రంలో పెట్టాలని గట్టిగా చెబుతాను.

రిపోర్టు, జవాబు

రిపోర్టులో క్లెయిమ్‌ని ముక్కలుగా రాసి, ఒక్కో ముక్క ఎదురుగా పాత పత్రం పేరా, బొమ్మ నంబరు ఇవ్వండి. అంతర్జాతీయ సెర్చ్ రిపోర్టులో ఎక్స్ అని పడిన పత్రం తానొక్కటిగానే కొత్తదనాన్ని గానీ ఇన్వెంటివ్ స్టెప్‌ని గానీ దెబ్బతీసేది. వై అంటే ఇంకోదానితో కలిపితే. ఏ అంటే నేపథ్యం మాత్రమే. వేరే ఆఫీసు ఇచ్చిన ఎక్స్‌ని చదవకుండా తీసుకోకండి. క్లెయిములు దేశానికో రకంగా మారి ఉండొచ్చు.

జవాబు రాసేవాళ్లకి: ముందు మీ స్పెసిఫికేషన్‌లో నాలుగో ప్రశ్నకు జవాబు ఎక్కడుందో వెతకండి. చాలాసార్లు అది మూడో రూపకల్పన (ఆవిష్కరణను అమలుచేసే ఒక ఉదాహరణ) వివరణలో ఒక పేరాగా పడి ఉంటుంది. దాన్ని మొదటి క్లెయిమ్‌లోకి తెండి. తెచ్చేటప్పుడు ఆ పేరాలో కలిసి పనిచేసే అంశాలను విడదీసి ఒక్కటే లాక్కురాకండి. మన ఏడో క్లెయిమ్‌లో పునరావృతి చూడటం, సిలిండర్‌ని గుర్తించడంతో ముడిపడి ఉంది. మొదటిది తెచ్చి రెండోది వదిలేస్తే మొదట దాఖలు చేసినదానికి మించి చేర్చారన్న అభ్యంతరం వస్తుంది. ఇవ్వగలిగితే పోలిక గ్రాఫు ఒకటి జతచేయండి: ఒకే గతుకుల రోడ్డు మీద పాత పద్ధతి ఎన్నిసార్లు పొరబడింది, మీ పద్ధతి ఎన్నిసార్లు పొరబడింది. ఏ ఎగ్జామినర్ అయినా పది పేజీల వాదన కంటే ముందు ఆ గ్రాఫు చూస్తారు. అయితే ఆ గ్రాఫు చూపించే ఫలితం మొదటి దరఖాస్తులో చెప్పిన ఫలితమే అయ్యుండాలి.

పంపేముందు ప్రయారిటీ తేదీని (కొత్తదనాన్ని ఏ రోజు నాటికి చూడాలో ఆ తేదీని) ఒక్కో క్లెయిమ్‌కీ విడివిడిగా సరిచూడండి. పునరావృతి పేరా మొదటి దరఖాస్తులో లేకుండా ఏడాది తర్వాత వేసిన దరఖాస్తులో చేరి ఉంటే, ఆ క్లెయిమ్‌కి తేదీ తర్వాతదే అవుతుంది. మధ్యలో ఆ కంపెనీ ఇంజనీర్లే సమావేశంలో చదివిన పేపర్ కూడా అప్పుడు పాత పత్రం కిందికి రావచ్చు.